సగం కేకు

ఒంటిగంటా పది నిమిషాలకి నేను ఎమర్జెన్సీ గదిలో అడుగుపెట్టేసరికి, మా బేకరీ మాస్టారు మంచం మీంచే డాక్టరమ్మతో దెబ్బలాడుతున్నారు.

“నాకేం కాలేదమ్మా! వదిలెయ్యండి. అవతల కేకు ఆగిపోయింది,” అంటున్నారు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది మాట. మూతి ఎడమవైపు కిందికి జారింది.

“ఏం కాలేదా? అయితే ఎడం చెయ్యి ఎత్తండి, చూద్దాం.”

మాస్టారు కుడి చెయ్యి ఎత్తారు.

“అది కాదు, ఎడమది.”

“ఎత్తాను కదా!” అని కసిరారాయన.

డాక్టరమ్మ ఆయన ఎడం చేతిని తనే ఎత్తి, ఆయన కళ్ళకి ఎదురుగా పట్టుకుంది. “మరి ఇదెవరిది?”

మాస్టారు దాన్ని ఎగాదిగా చూశారు. “నాకేం తెలుసు? మీదే అయ్యుంటుంది. అది సరే, మా ఆవిడ ఏది? ఎంతకీ రాదేం?”

ఆ ఆవిడ మంచానికి ఎడం పక్కన, ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది.

మాస్టారి బేకరీ మేడమీదే నా డిటెక్టివ్ ఆఫీసు. తప్పిపోయిన కుక్కలూ, తప్పించుకు తిరిగే మొగుళ్ళూ నా జీవనాధారం. పదకొండేళ్ళుగా ఆయన కోసిపారేసిన కేకు అంచులు తిని పెంచుకున్న పొట్ట ఇది. రెండు చేతులతో పూలూ తీగలూ అల్లే మనిషి, అందులో ఒక చెయ్యి ఎవరిదో అంటుంటే వినడం నావల్ల కాలేదు.

“తమ్ముడూ, పన్నెండూ ఇరవైకి వెళ్ళి చూస్తే నేలమీద ఒక పక్కకి ఒరిగిపోయి కూచున్నారయ్యా,” అంది అక్కయ్య. వరసకి ఏమీ కాకపోయినా మాస్టారి భార్య నాకు అక్కయ్యే. “చేతులు పోతే ఈయన బతికినా బతికినట్టు కాదు. ఏదో ఒకటి చెయ్యవూ!”

డాక్టరమ్మ నావైపు తిరిగింది. చిన్న మనిషి, జుట్టు ముడిలో పెన్సిలు, మాట బుల్లెట్టు. “డిటెక్టివ్ మీరేనా? మంచిది. నాకు ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. ఈయన్ని ఆఖరుసారి బాగా ఉండగా చూసిందెవరు? ఎన్నింటికి?”

“ఎప్పుడు పడిపోయారని కదా అడగాలి?”

“పడిపోవడం ఎవరూ చూడలేదు. చూడనిదాన్ని లెక్క కట్టలేను. ఆఖరుసారి బాగున్న టైము నుంచే నా గడియారం మొదలు.” ఆవిడ వేలితో తన తల కుడిపక్క తట్టుకుంది. “ఇక్కడ రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. మెదడుకి కుడిపక్క దెబ్బ తగిలితే ఒంట్లో ఎడమపక్క పడిపోతుంది. ఈయనకైతే ఎడమపక్క లోకమే లేదు. స్కాన్ తీశాం. లోపల రక్తం చిమ్మలేదు, అది మన అదృష్టం. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నా దగ్గరుంది. కానీ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే మేలు తక్కువ, తలలో రక్తం కారే ప్రమాదం ఎక్కువ.”

“ఇప్పుడేమైంది మరి?”

“ఈయన బావమరిది పొద్దున ఎనిమిదింటికే తూలుతున్నారని చెప్పాడు. ఎనిమిదంటే పన్నెండున్నరకే గడువు చెల్లిపోయింది. ఆ మాటే నిజమైతే నా చేతులు కట్టేసినట్టే. ఎక్కడున్నాడో చూడండి, బయట ఎవరో ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు.”

ఎవరో ఇన్‌స్పెక్టరు కాదు. నా ఇన్‌స్పెక్టరే. ఇరవై ఏళ్ళుగా నేను వేలు పెట్టిన ప్రతి కేసులోనూ ఆయన కాలు పెడతాడు. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన పళ్ళు ఏ రంగులో ఉంటాయో నేను చూడలేదు. నవ్వితే యూనిఫాం ఇస్త్రీ పోతుందని భయం కాబోలు.

వరండా బెంచీ మీద బావమరిది మూలకి నక్కి కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో ఖాళీ టీ కప్పు.

“విషం,” అన్నాడు నన్ను చూడగానే. “నిన్న సాయంత్రం బావా బావమరుదులు వీధి అదిరేలా అరుచుకున్నారు. పక్క చెప్పుల కొట్టాయనే విషమేమోనని ఫోన్ చేశాడు. ఎనిమిదింటికి వీడు టీ ఇచ్చాడు. ఎనిమిదింటికే ఆయన తూలాడు. ఇక నీకిక్కడ పనిలేదు, పోయి కుక్కల్ని వెతుక్కో.”

“డాక్టరమ్మ రక్తనాళంలో గడ్డ అంటోంది కదండీ.”

“డాక్టర్లు వందంటారు. నేను కప్పు చూశాను.” అని నోట్‌బుక్కులో ఏదో రాయబోతే పెన్ను వేళ్ళమధ్య నుంచి జారి నేలమీద పడింది. విసుక్కుంటూ కుడి చెయ్యి విదిలించుకున్నాడు. “పొద్దున టిఫిన్ దగ్గర కూడా స్పూను ఇలాగే జారింది. చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నట్టున్నాను.”

“వయసండీ,” అన్నాను పెన్ను అందిస్తూ.

“నీ వయసు చూసుకో,” అని ఈసారి మామూలుగానే రాసుకున్నాడు.

నేను బావమరిది పక్కన కూర్చున్నాను. ముందు వాణ్ణి వాసన చూశాను. సెంటు. గడ్డం నున్నగా ఉంది. చొక్కా మడత నలగలేదు.

“ఏమోయ్, పొద్దున ఎనిమిది నుంచీ బేకరీలోనే ఉన్నావా?”

“ఉన్నానండీ. ఎక్కడికీ కదల్లేదు.”

“చెవి చూపించు.”

“ఏమిటండీ?”

“చెవి. బేకరీలో నాలుగు గంటలు పనిచేసిన మనిషికి చెవి వెనక కూడా పిండి ఉంటుంది. మీ బావకి ఇప్పుడు మంచం మీద కూడా ఉంది, వెళ్ళి చూసుకో. నీ గోళ్ళు పెళ్ళికొడుకు గోళ్ళలా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళావ్?”

వాడు ఇన్‌స్పెక్టర్ని చూశాడు, గదివైపు చూశాడు. అక్క వింటుందేమోనని గొంతు తగ్గించాడు. “వెనక వీధి కొత్త బేకరీకండీ. నన్ను హెడ్ మాస్టరుగా తీసుకుంటామన్నారు. ఆ సంగతి తెలిసే నిన్న బావ అరిచాడు. ఇవాళ ఎనిమిదింటికి బావకి టీ ఇచ్చి జారుకున్నాను. వాళ్ళు నాచేత మూడు రకాల బిస్కట్లు చేయించారు. తిరిగొచ్చేసరికి అక్క కేకలు.”

“మరి ఎనిమిదింటికి తూలడం?”

“తూలలేదండీ! శుభ్రంగా నిలబడి నన్ను తిట్టాడు. ఇన్‌స్పెక్టర్ గారు ‘పొద్దున్నించీ తూలుతున్నాడా లేదా’ అని గద్దించారు. ఔనన్నాను. ‘కళ్ళు తేలేశాడా’ అన్నారు. ఔనన్నాను. ఇంకో రెండు ప్రశ్నలు అడిగుంటే బావకి కొమ్ములున్నాయని కూడా ఒప్పుకునేవాణ్ణి.”

ఇన్‌స్పెక్టరు మెడ ఎర్రబడింది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఆ హాయి పట్టుమని పది అడుగులు కూడా నిలవలేదు.

“తూలాడో లేదో నాకెందుకు?” అంది డాక్టరమ్మ. “ఇప్పటికీ ఆఖరుసారి చూసింది ఎనిమిదింటికే కదా! ఎనిమిది తర్వాత బాగా ఉండగా చూసిన మనిషిని తెండి. అందాకా నేను బీపీ చూస్తూ, ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకుని కూచుంటాను.” అంతలో ఆవిడ చూపు నా భుజం మీంచి వెనక్కి దూకింది. “ఏయ్, ఆగు!”

బావమరిది పశ్చాత్తాపంతో కాబోలు, బావ నోటికి నీళ్ళ సీసా అందిస్తున్నాడు. నర్సు గబుక్కున లాక్కుంది. “మింగగలడో లేదో చూడకుండా చుక్క కూడా పొయ్యకూడదు! ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం పెట్టలేదని ఇప్పుడే కదయ్యా తేలింది, నీళ్ళతో చంపుతావా?”

ఒకటీ ఇరవై ఎనిమిదికి నేను బేకరీ వెనక గదిలో ఉన్నాను. ఆసుపత్రి నుంచి నాలుగు నిమిషాల నడక. ఇన్‌స్పెక్టరు నా మడమలు తొక్కుతూ వచ్చాడు.

గది మధ్యలో పొడవాటి బల్ల. బల్ల చివర గోడకి ఒక మేకు. మాస్టారి పద్ధతి నాకు కంఠతా వచ్చు. కేకు పూర్తికాగానే ఆర్డరు చీటీ మీద టైము వేసి మేకుకి గుచ్చుతారు. క్రీము ఎన్ని గంటలు నిలుస్తుందో కొన్నవాళ్ళకి చెప్పడానికి ఆ టైమే లెక్క. మేకుకి మూడు చీటీలున్నాయి. మొదటిది 8-55. రెండోది 9-30. మూడోది 10-10. ఆ మూడు కేకులూ కొన్నవాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. నాలుగో చీటీ బల్లమీదే ఉంది, టైము లేదు. దాని పక్కన నాలుగో కేకు.

చూసి ఇన్‌స్పెక్టరు కూడా ఆగిపోయాడు.

పలకలాంటి పెద్ద కేకు. కుడి సగంలో గులాబీలు, ఆకులు, అంచున అల్లిక, వంక పెట్టడానికి లేదు. సరిగ్గా మధ్య నుంచి ఎడమకి బోడి. ఒక్క పువ్వు లేదు, చుక్క క్రీము లేదు. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని రాయాల్సిన అక్షరాలన్నీ కుడిపక్కనే ఒకదాని మీద ఒకటి, రద్దీ బస్సులో జనంలా ఇరుక్కున్నాయి.

“సగం మొగుడికి, సగం పెళ్ళానికి అని ఆర్డరేమో,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“కాదండీ. ఆయన దృష్టిలో కేకు పూర్తయిపోయింది. ఎడమపక్క ఉందని ఆయనకి తెలీదు.” మంచం పక్కన నిలబడ్డ అక్కయ్య గుర్తొచ్చింది. “ఇది చేసేటప్పటికే దెబ్బ తగిలింది. మూడో కేకు చేసేటప్పుడు బాగున్నారా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి.”

ఇన్‌స్పెక్టరు మూడో చీటీ మీద వేలు పెట్టాడు. “పదీ పది! అంటే రెండూ నలభై దాకా గడువు. గంట పైనే ఉంది. కేసు తేలిపోయింది, రాసుకో, నేనే తేల్చాను. ఈ గదికి సీలు వేస్తాను. ఏదీ ముట్టుకోకు.”

“చీటీ రాసింది కుడి చెయ్యి. పడిపోయింది ఎడమది. రాయగలిగాడు కాబట్టి బాగున్నాడంటే డాక్టరమ్మ మనిద్దరికీ సూది పొడుస్తుంది. కళ్ళారా చూసిన మనిషి కావాలి.”

చీటీ మీద ఫోన్ నంబరుంది. పేరు బదులు మాస్టారు ‘లెక్కల టీచరమ్మ’ అని రాసుకున్నారు. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. అయిదోసారికి, ఒకటీ నలభై రెండుకి ఎత్తింది. వెనక పిల్లల గోల.

“పాఠం మధ్యలో ఫోనేమిటండీ!”

“అమ్మా, ఒక ప్రాణం సంగతి. పొద్దున కేకు తీసుకున్నప్పుడు బేకరీ మాస్టారు ఎలా ఉన్నారు?”

“ఎలా ఉండడమేమిటి? బ్రహ్మాండంగా ఉన్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారి రిటైర్మెంటు కేకు. తొమ్మిదీ ముప్పై నాలుగుకి నా చేతిలో పెట్టారు.”

“తొమ్మిదా? పదీ పది కదమ్మా. ఆయన చీటీ మీద అలాగే ఉంది.”

“ఏమండీ,” అందావిడ. ఆ ఒక్క ‘ఏమండీ’తో నేను మళ్ళీ తొమ్మిదో తరగతిలో కూర్చున్నాను. “తొమ్మిదీ నలభై ఐదుకి నాకు మొదటి పీరియడ్. పదీ పదికి నేను బోర్డు మీద త్రిభుజం గీస్తున్నాను. నలభై మంది పిల్లలు సాక్షి. ఇంకా నమ్మకం లేకపోతే వీడియో తీశాను, పంపిస్తాను. అందులో టైము చూసుకోండి.”

వీడియో వచ్చింది. పదహారు సెకన్లు. మాస్టారు రెండు చేతులతో కేకు పళ్ళెం ఎత్తి పట్టుకున్నారు. పళ్ళెం ఎటూ ఒరగలేదు. “టీచరమ్మా, అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తప్పుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత నాకు గోడకుర్చీ వెయ్యకండి,” అని నోరారా నవ్వారు. మూతి రెండు పక్కలా సమంగా విచ్చుకుంది. కింద టైము తొమ్మిదీ ముప్పై నాలుగు.

మరి చీటీ మీద పదీ పది ఏమిటి? నేను గిర్రున వెనక్కి తిరిగాను. లోపలికి వచ్చిన తలుపు పైనే, బల్ల దగ్గర నిలబడ్డ మాస్టారికి ఎదురుగా, ఇంతసేపూ మా వీపు వెనక, గోడ గడియారం. అందులో రెండూ ఇరవై నాలుగు. నా చేతి గడియారంలో ఒకటీ నలభై ఆరు.

ముప్పై ఎనిమిది నిమిషాలు ముందుంది! ఆర్డర్లు ఆలస్యం కాకూడదని మాస్టారు దాన్ని ముందుకి తిప్పుకుని, దాని ప్రకారమే చీటీలు రాసుకుంటున్నారన్నమాట. మన ఇన్‌స్పెక్టరు గంట పైనే ఉందంటూ సీలు లక్క వెతుకుతున్నాడు.

“రెండూ నలభై కాదండీ, రెండూ నాలుగు! పద్దెనిమిది నిమిషాలే ఉన్నాయి!”

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. చేతులు రోగి మీద ఉన్న డాక్టరు ఫోనెత్తదు.

ఇన్‌స్పెక్టరు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. “ఆగు. సాక్షి వివరాలు రాసుకోవాలి. చీటీ బయటికి పోకూడదు.”

“చీటీ మీరే ఉంచుకోండి, మేకుతో సహా ఉంచుకోండి. నాకు ఫోను చాలు,” అని ఆయన చంక కిందనుంచి దూరాను. పదకొండేళ్ళ కేకు అంచులు పొట్టలో ఎగిరెగిరి పడుతుంటే పరుగెత్తాను. చెప్పుల కొట్టాయన “ఏమైందండీ?” అని అరిచాడు. “మీ విషం అబద్ధమయ్యా!” అని అరిచి దౌడు తీశాను.

ఒకటీ యాభై ఒకటి. డాక్టరమ్మ వీడియో రెండుసార్లు చూసింది. పెన్సిలు జుట్టులోంచి తీసి ఒక్కొక్కటే చెప్పింది. “నవ్వు సమంగా ఉంది. రెండు చేతులూ సమంగా ఎత్తాడు. అంత పొడుగు మాటా తడబడకుండా అన్నాడు. నేను పక్కనుండి పరీక్ష చేసినా చూసేది ఈ మూడే!” టీచరమ్మకి తనే ఫోన్ చేసి టైము రూఢి చేసుకుంది. తర్వాత అక్కయ్య చెయ్యి పట్టుకుంది. “అమ్మా, దాచకుండా చెబుతున్నాను. ఈ ఇంజెక్షన్‌తో కొద్దిమందికి తలలో రక్తం రావచ్చు. ఇవ్వకపోతే ఈ చెయ్యి ఇలాగే ఉండిపోవచ్చు. ఇవ్వమంటారా?”

అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. “ఆ చేతులతోనే కదమ్మా నన్ను పసిపిల్లలా చూసుకున్నారు. ఇవ్వండి.”

ఒకటీ యాభై ఏడుకి మందు లోపలికి వెళ్ళింది. కొంచెం ఒక్కసారిగా, మిగతాది గంటసేపు సన్నగా. ఏడు నిమిషాలు మిగిలాయి. నేను కుర్చీలో కూలబడి, అక్కయ్యని గడియారం సంగతి అడిగాను.

“అయ్యో, చెప్పడమే మర్చిపోయాను! ఈయన అరగంట ముందుకి పెట్టారు. పైన ఎనిమిది నిమిషాలు అదే పరుగెత్తింది. సరిచెయ్యమంటే ‘పోనీలే, అంత ఉత్సాహంగా ఉంది’ అన్నారు.”

డాక్టరమ్మ పావుగంటకోసారి బీపీ, చేతులు, మాట చూస్తూనే ఉంది. ఇంకో స్కాన్‌లో చిన్న కొమ్మే మూసుకుందని తేలింది. పెద్ద నాళమైతే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగాల్సి వచ్చేదట. రెండున్నర అయింది. మాస్టారు మెల్లగా తల తిప్పారు. ఎడమవైపుకి.

“నువ్వెప్పుడొచ్చావే?” అన్నారు భార్యని చూసి.

“ఎప్పుడొచ్చానా! పన్నెండూ ఇరవై నుంచీ మీ పక్కనే చస్తున్నాను!” అని ఆవిడ ఏడుస్తూ ఆయన్ని చెడామడా తిట్టింది. బావమరిది కూడా ఏడ్చాడు. నేను ఏడవలేదని చెబితే అబద్ధమవుతుంది.

“ఇప్పుడే సంబరపడకండి. రేపు మళ్ళీ స్కాన్ తియ్యాలి, నెలల తరబడి వ్యాయామం చేయించాలి,” అంది డాక్టరమ్మ. అంటూనే మాస్టారి ఎడం చిటికెన వేలు కదలడం చూసి తనే నవ్వేసింది.

నేను వరండాలోకి వచ్చాను. ఇన్‌స్పెక్టరు బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. కుడి చేతిలో టీ కప్పు సంచీ, ఎడం చేతిలో మూడో చీటీ. గెలిచానన్న పొగరుతో నేనే ముందు పలకరించాను.

“ఏమండీ, కేసు ఎవరు తేల్చారు?”

“ఒప్... ఒప్పుకుంటున్నా. నువ్వే...” అన్నాడు. తర్వాతి మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఇరవై ఏళ్ళలో ఈయన నా గెలుపు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. అందుకే తడబడుతున్నాడనుకుని పొంగిపోయాను. అంతలో ఆయన కుడి చేతిలోంచి సంచీ జారింది. కప్పు నేలకి కొట్టుకుని ముక్కలైంది. ఆయన దానివైపు చూడను కూడా లేదు.

పెన్ను. పొద్దున స్పూను. ఇప్పుడు కప్పు. వయసండీ అని జోకేసింది నేనే.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్కసారి నవ్వండి.”

“నే... నేనా?”

“మీరే. నాకోసం. ఒక్కసారి.”

ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన నవ్వాడు. ఎడమవైపు పళ్ళు కనిపించాయి. కుడివైపు మూతి కదల్లేదు.

డాక్టరమ్మని కేకేస్తూనే నా చేతి గడియారం చూసుకున్నాను. రెండూ ముప్పై నాలుగు. ఈసారి ఏ గోడ గడియారాన్నీ, ఏ చీటీనీ అడగక్కర్లేదు. ఒకటీ నలభై ఆరుకి తలుపుకి అడ్డం నిలబడి నాతో తడబడకుండా పోట్లాడాడు. సాక్షిని నేనే.